సాక్‌హా సాక్షి

“సాక్షి సోమవారం కోర్టు మెట్లు ఎక్కాలి. ప్రాణంతో. అదే నీ మిషన్,” అన్నాడు కల్నల్ బరుందియా ఫోన్లో. “అసలా ముసలాయన్ని అడవిలోకి ఎందుకు పోనిచ్చావు?”

“కొడుకు పోయిన చోట మంట వేసి పూజ చేయించందే కోర్టుకి రానన్నాడు సార్.”

“బతిమాలలేకపోయావా?”

“మా వాళ్ళని మీరొకసారి బతిమాలి చూడండి సార్.”

ఏజెంట్ రుఫీనో చోక్ ఫోన్ జేబులో పెట్టి గడ్డిటోపీ సర్దుకున్నాడు. ఎదురుగా అడవి మింగిన పురాతన నగరం, సాక్‌హా శిథిలాల నడిమి మైదానం. చుట్టూ మెట్ల గుళ్ళు. వాటి ముందు, చెక్కిన శిలల్ని రంపంతో కోసుకుపోయాక మిగిలిన మొండి రాళ్ళు. ఆ శిలల్ని దేశం దాటించే విదేశీ ముఠా, అడ్డొచ్చిన కాపలాదారు ఆస్కార్‌ని ఇక్కడే కాల్చి చంపింది. హంతకుల ముఖాలు చూసింది ఒక్కడే. కొడుక్కి తినడానికి మొక్కజొన్న తామాలెలు తెచ్చిన తండ్రి, దోన్ లిసాండ్రో.

రుఫీనోది సాంబ్రాణి అమ్మేవాడి వేషం. బుట్టలో గుడ్డ కింద పిస్టల్.

“గుడ్డ సరిగ్గా కప్పు నాయనా,” అన్నాడు దోన్ లిసాండ్రో పక్కనుంచి పోతూ. “నీ సాంబ్రాణికి ట్రిగ్గర్ కనబడుతోంది.”

నల్ల శాలువా కప్పుకున్న స్త్రీ బుట్ట దగ్గర ఆగింది. చూపు తిప్పుకోలేని అందం.

“కోతులు నిద్రపోయాయా?”

కోడ్.

“ఇంకా అరుస్తున్నాయి,” అన్నాడు రుఫీనో.

నోయెమీ. శిలలు కొనే బేరగత్తెగా రెండేళ్ళుగా ముఠాలో పాతుకుపోయిన ఏజెంట్. ఒకప్పుడు రుఫీనో భార్య.

“స్నైపర్ ఉత్తరపు గుడిమీద ఉంటాడు,” అంది. “పక్కా సమాచారం.”

రుఫీనో సైనికుల్ని ఆ గుడి ఎక్కించాడు. పూజకి వచ్చినవాళ్ళందరినీ దారిలోనే సోదా చేయించాడు, కొవ్వొత్తులు తప్ప. ఒకరు మొక్కుకుని తెచ్చిన కొవ్వొత్తిని పూజ చేయించే మనిషి తప్ప మరొకరు ముట్టుకోకూడదు. రుఫీనో ఆ ఆచారమున్న ఇళ్ళలో పుట్టినవాడే. వాటి జోలికి వెళ్ళొద్దని సైనికులకి తనే చెప్పాడు.

పూజ చేయించే దోన్యా మతీల్దే నేలమీద చక్కెరతో వలయం గీసి, సాంబ్రాణి పేర్చి నిప్పు పెట్టింది. ఒక్కొక్కరే కొవ్వొత్తి అందించి, పోయినవాళ్ళ పేరు పైకి చెబుతున్నారు. మంటని ఆనుకుని మోకాళ్ళమీద దోన్ లిసాండ్రో.

నోయెమీ లావుపాటి నల్ల కొవ్వొత్తి ఇచ్చింది.

“ఎవరి పేరమ్మా?”

పెదవులు కదిలాయి. మాట రాలేదు.

“ఎవరి పేరు తల్లీ?”

“మా నాన్న. ఫెలీపె.”

చెప్పి గబగబా వెనక్కి నడిచింది.

రుఫీనోకి నవ్వొచ్చింది. ఫెలీపె మామ ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి మోకాళ్ళ నొప్పుల పురాణం విప్పాడు. నోయెమీకి పోయినవాళ్ళు ఒక్కరే. లూసీయా. మూడేళ్ళకే పోయిన వాళ్ళిద్దరి పాప. ఏ మంట దగ్గరైనా ఆ పేరే చెప్పేది.

మరి ఇవాళ?

సోదా చెయ్యనివి కొవ్వొత్తులే. రుఫీనో దూకాడు. దోన్యా మతీల్దే చేతిలోని కొవ్వొత్తి వత్తి అప్పుడే అంటుకుని చిటపటలాడుతోంది. లాక్కుని, బలంకొద్దీ ఎండిపోయిన పాత కోనేటి గుంతలోకి విసిరాడు.

మైదానం దద్దరిల్లింది. ముసలాయన టోపీ ఎగిరిపోయింది. అంతే.

నోయెమీ పారిపోలేదు. సైనికులు చుట్టుముట్టేదాకా నిలబడే ఉంది.

“కొవ్వొత్తులు ముట్టుకోనివ్వనని నీకెలా...” అన్నాడు రుఫీనో.

“ఆ ఆచారం ఒకప్పుడు నువ్వు చెప్పిందే కదా,” అంది. “రెండేళ్ళు వాళ్ళతో తిన్నాను, వాళ్ళతో నవ్వాను రుఫీనో. ఎటువైపున్నానో ఎప్పుడు మర్చిపోయానో తెలీదు.”

“పాప పేరు చెప్పుంటే నాకు అనుమానం వచ్చేది కాదు.”

“తెలుసు. ఆ కొవ్వొత్తికి దాని పేరు చెప్పడానికి నోరు రాలేదు.”

సంకెళ్ళు తనే వేశాడు. వేరేవాళ్ళ చేత వేయించలేకపోయాడు.

వెనక దోన్ లిసాండ్రో తన కొవ్వొత్తి మంటకి ఇస్తున్నాడు. “ఆస్కార్,” అన్నాడు. ఇంకోసారి, కాస్త గట్టిగా, “ఆస్కార్.”

ఫోన్ మోగింది.

“సాక్షి?”

“క్షేమం సార్.”

“నోయెమీ నీకెలా దొరికింది?”

“అబద్ధం చెప్పింది సార్.”

“మన ఉద్యోగమే అది కదయ్యా!”

“అవును సార్,” అన్నాడు రుఫీనో, జీపు ఎక్కుతున్న శాలువాని చూస్తూ. “కూతురి పేరు దగ్గర మాత్రం ఉద్యోగం సరిగ్గా చెయ్యలేకపోయింది.”