పగులు లేని పెట్టె

ఆ సీడీ మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి. ఒకటి అతనిది. రెండోది కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయిది.

పాత హిందీ సినిమా పాటల సీడీ అది. కొట్లో మిగిలింది ఒక్కటే. అతను మందుల అట్టపెట్టెలు అచ్చేసే ప్రెస్సులో క్వాలిటీ చెకింగ్ చేస్తాడు. రోజంతా పెట్టెల్ని అనుమానంగా చూడటమే ఉద్యోగం కాబట్టి, మనుషుల్ని కూడా అలాగే చూడటం అలవాటైపోయింది. ఇక్కడ కొని ఇంకెక్కడో ఎక్కువకి అమ్ముకునే రకమేమోనని ఆమెను తేరిపార చూశాడు. ఆమె కూడా అతన్ని సరిగ్గా అలాగే చూస్తోంది.

కొట్టు నడిపే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన సీడీని కౌంటర్ మీద పెట్టి, ఎలా ఉందో చెప్పమని ఇద్దర్నీ అడిగాడు.

అడగడమే ఆలస్యం, అతను అందుకున్నాడు. కవరు మీద హీరో మొహం గుమ్మడికాయంత వేశారని, హీరోయిన్ని మూలకు తోసేశారని, అంచు మీద సినిమా పేరు తలకిందులుగా పడిందని, లోపల బుక్‌లెట్‌లో పాటలు రాసినాయన పేరు చీమ తలకాయంత ఉందని ఏకరువు పెట్టాడు.

"అన్నీ నిజమే," అంది ఆమె. "అయినా నాకు కావాలి."

బాబాయ్ సీడీ తీసి ఆమె చేతిలో పెట్టేశాడు. "వంకలు పెట్టేవాడికి నా కొట్లో సరుకు లేదు నాయనా. అన్నీ చూసి కూడా కావాలన్నవాళ్ళకే ఇస్తాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. పైగా బయట వాన. ఆమె పక్కనే చూరు కింద నిలబడాల్సి వచ్చింది. కాసేపు బిగదీసుకుని, చివరికి సిగ్గు విడిచి ఆ సీడీ ఒక్క వారం అరువిస్తారా అని అడిగాడు.

"మీరెవరో నాకు తెలీదు. మీ దగ్గరున్న వాటిలో మంచి సీడీ ఒకటి తాకట్టు పెట్టండి, ఇస్తాను," అంది ఆమె.

మర్నాడు ప్రాణం లాంటి సీడీ తెచ్చి ఇచ్చాడు. దాని పెట్టె మూతకు ఒక మూల పగులుంది. ఆ పగులు గుర్తుగా ఉన్నంతవరకూ ఎవరూ సీడీ మార్చి తనను మోసం చెయ్యలేరని అతని ధైర్యం.

అలా మొదలైంది. ప్రతి శనివారం ఆ కొట్లో సీడీలు ఇచ్చిపుచ్చుకునేవారు. ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. భూతద్దం తెచ్చుకుని మరీ గీతలు వెతికేది. అతన్ని 'ఇన్‌స్పెక్టర్ గారూ' అని పిలిచేది. పాటలెలా ఉన్నాయని ఇద్దరిలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. కవరు రంగుల మీద, బుక్‌లెట్ కాగితం మీద మాత్రం గంటలు గంటలు కొట్లాడుకునేవారు. తను శనివారం కోసం చూస్తున్నది సీడీల కోసం కాదని అతనికి మెల్లగా తెలిసొచ్చింది. ఆమె నవ్వితే మాత్రం, ఈ నవ్వు వెనక ఏదో ఉందని ఇంటికెళ్ళి ఆలోచించేవాడు.

ఒక శనివారం ఆమె, అతను మొదట్లో తాకట్టు పెట్టిన సీడీని తిరిగిచ్చేసింది. "ఇక మన మధ్య తాకట్టు అక్కర్లేదు లెండి," అంది తల వంచుకుని.

ఆ మాటకు అర్థం బాబాయ్‌కి కూడా తెలిసింది. ఈ మహానుభావుడు మాత్రం మూత కేసి చూశాడు. పగులు లేదు.

"ఇది నాది కాదు. మార్చేశారు," అన్నాడు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అవును, మార్చాను," అని, బయట వాన పడుతున్నా ఆగకుండా వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి పరీక్షగా చూశాడు. సీడీ మీద సన్న గీత తనదే. బుక్‌లెట్‌కి వంకరగా కొట్టిన పిన్ను కూడా తనదే. పెట్టె ఒక్కటే వేరు. పాతకాలం మందపు పెట్టె, దాని మీద ఒక్క గీత కూడా లేదు. సంగతంతా విని అతని అక్క నెత్తి కొట్టుకుంది.

"అనుమానం ముందు పుట్టి తర్వాత నువ్వు పుట్టావురా. పగిలింది తీసుకుని మంచిది పెట్టిపోయే దొంగని ఎక్కడైనా చూశావా?"

తెల్లారి కళ్ళద్దాల షాపుకి పరిగెత్తాడు. ఆమె బల్ల మీద అతని పగిలిన పెట్టె ఉంది. అందులో ఆ మొదటిరోజు ఇద్దరూ చెయ్యేసిన సీడీ. దాని బుక్‌లెట్ మాత్రం పక్కన, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది.

"తీసినప్పుడల్లా ఆ పగులు మీ బుక్‌లెట్‌ని కోస్తోంది," అంది ఆమె తలెత్తకుండా. "అలాంటి మందపు పెట్టె నా దగ్గర ఈ సీడీదొక్కటే ఉంది. అందుకని దాన్ని విప్పి మీకిచ్చాను."

సీడీలు దాచుకునేవాళ్ళు ఆస్తి రాసిస్తారేమో గానీ, ఒక సీడీ పెట్టె విప్పి ఇంకొకరికి ఇవ్వరు. అది అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. తప్పయిపోయిందన్నాడు. పెట్టెల్ని చూసినట్టే మనిషినీ చూశానన్నాడు. మీరంటే ఇష్టమని కూడా అక్కడే చెప్పేశాడు.

ఆమె అనుమానంగా చూసింది. "ఇదంతా ఆ సీడీ కోసం కాదు కదా?"

"కాదు."

"నాకు కోపమెక్కువ. మిమ్మల్నింకా పూర్తిగా నమ్మలేదు. మా నాన్నకి సీడీలంటే ఒళ్ళు మంట, మీరు కూడా సీడీల పిచ్చోళ్ళని తెలిస్తే గడప తొక్కనివ్వడు. ఆలోచించుకోండి."

వంకలు పెట్టడానికి అలవాటుగా నోరు తెరిచాడు. బాబాయ్ కౌంటర్ గుర్తొచ్చింది.

"అన్నీ నిజమే," అన్నాడు. "అయినా నాకు మీరే కావాలి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందా అని అతను ఈసారి వెతకలేదు.