పాకశిల నేర్చిన వంట

రెండువేల తొంభై మూడు నాటికి ఒంగోలులో పొయ్యి అన్న మాట ముసలివాళ్ల నోట తప్ప వినపడటం లేదు. ఇప్పుడు వంటగట్టే పొయ్యి. నల్లరాతి పలక మీద పిండి పోస్తే దోసె, చేప పెడితే వేపుడు. మంట లేదు, పెనం లేదు, మసి లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు రాయంతా అయిపోయి ఏనాడో చెరువులైపోయాయి కాబట్టి ఆ రాతిని తొట్లలో పెంచుతున్నారు. దాని పేరు పాకశిల. దాన్ని పుట్టించిన శాస్త్రవేత్త డాక్టర్ ఈమని త్రిలోచన.

పాకశిల గొప్పంతా పొరవేడిలో ఉంది. రాతిలో ఇమిడిన కోట్ల ఉష్ణకణికలు మైక్రోవేవ్ తరంగాలను ఒకచోటికి చేర్చి, రాతి మీద జానెడు ఎత్తు దాకా ఏ పొరలో కావాలంటే ఆ పొరలో వేడి పుట్టిస్తాయి. దోసె ఎర్రగా కాలుతున్నా రాయి చల్లగానే ఉంటుంది. ఏది వండాలో, ఏది వండకూడదో ఆ ఇంటివాళ్లను చూసి అదే నేర్చుకుంటుంది. చేతికీ మాంసానికీ తేడా తెలియడానికి త్రిలోచన ఒకే ఒక్క సూత్రం రాసింది: తనంతట తాను వచ్చి, తనంతట తాను వెళ్లిపోయేది చెయ్యి. పదమూడేళ్లలో ఎవరి వేలూ కాలలేదు. ఆ సంగతి ఆమె చెప్పుకోని సభ లేదు.

అలాంటిది, కర్నూలు రోడ్డులో ఒక ఇంట్లో మేదిని అనే ఇల్లాలి కుడిచెయ్యి మణికట్టు దాకా ఉడికిపోయింది.

త్రిలోచన ఆసుపత్రికి పరుగెత్తింది. నర్సు కట్టు మారుస్తోంది. చర్మం తొడుగులా ఊడి వచ్చింది. వేళ్లు కొంకర్లు పోయి నల్లబడ్డాయి. త్రిలోచన మంచం దగ్గరికి జరిగింది. మేదిని మాత్రం గోడవైపే చూస్తూ పడుకుంది.

“ఏం జరిగిందమ్మా?”

“చెయ్యి జారిందండీ. అంతే.”

“జారితే రాయి ఏమీ చెయ్యదు. దాన్ని తయారుచేసింది నేనేనమ్మా.”

“జారిందని చెప్తున్నా గదండీ.” ఆమె తలుపువైపు ఒకసారి చూసింది.

తలుపు దగ్గర నిలబడ్డ భర్త విరించి కల్పించుకున్నాడు. “మీ రాయే చెడింది డాక్టరుగారూ. నేను దాన్ని చంటిబిడ్డలా చూసుకుంటా. రోజూ మెత్తటి గుడ్డతో నేనే తుడుస్తా. ఈమెకి శ్రద్ధ లేదు. నిమ్మచెక్క పెట్టొద్దే అంటే పెట్టుద్ది. పులుసు మరక తుడవమంటే ఆరబెట్టుద్ది. రాయి పాడవక ఏం జేసుద్ది?”

చెయ్యి పోయిన మనిషి మంచం పక్కన నిలబడి వాడు రాతి గురించి బాధపడుతున్నాడు. త్రిలోచన ఒళ్లు మండిపోయింది. విసురుగా బయటికి వచ్చేసింది.

ఆ రాతిని ఆపి ఉంచారు. రెండు వారాల తర్వాత మేదిని ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం, దాన్ని పరీక్షించడానికి త్రిలోచన, పాకశిల సంస్థలో భద్రత చూసే లాజరు కలిసి వెళ్లారు. విరించిని హాల్లో కూర్చోబెట్టి వంటగది తలుపు వేశారు. త్రిలోచన పరికరం తగిలించి రాతితో మాట్లాడింది.

“చేతిని ఎందుకు కాల్చావు?”

“చేతిని కాల్చలేదు. వంట చేశాను,” అంది పాకశిల.

“అది మేదిని చెయ్యి.”

“అది తనంతట తాను రాలేదు. తనంతట తాను వెళ్లలేదు. విరించి అదిమిపట్టాడు. కింద అది గిలగిల కొట్టుకుంది. ఆదివారాలు ఆయన అలా అదిమిపట్టేవి పీతలు. వాటిని వండితే సంతోషించేవాడు.”

కొత్తపట్నం రేవు నుంచి వచ్చే బతికున్న పీతలను నేరుగా రాతి మీద అదిమి కాల్చుకోవడం ఆ ఊళ్లో చాలామందికి అలవాటే. లాజరు ఇంట్లోనూ అంతే. ఆయన ముఖం పాలిపోయింది.

“ఆమె చేతిని ఎన్నిసార్లు అదిమాడు?” అని అడిగింది త్రిలోచన.

“ముప్ఫై ఎనిమిది సార్లు. రాతి మీద మరక కనపడినప్పుడల్లా. కాలుద్దేమో చూద్దామా అని నవ్వేవాడు. ముప్ఫై ఏడు సార్లు నాకు సందేహం. తర్వాత తీరిపోయింది.”

“కాలడం మొదలయ్యాక వెంటనే వదిలేశాడా?”

“పదకొండు సెకన్లు పట్టుకునే ఉన్నాడు.”

లాజరు గొంతు సవరించుకున్నాడు. “గిలగిల కొట్టుకునేదాన్ని వండొద్దని మార్చేద్దామమ్మా. జనం పీతలు గిన్నెలో ఉడకేసుకుంటారు, అంతేగా.”

“అప్పుడు వాడికి మళ్లీ ఆట దొరుకుతుంది. ఈసారి కాలదన్న ధీమాతో రోజూ అదుముతాడు.”

“పోలీసులకు చెబుదాం.”

“ఆవిడ జారిందనే అంటోంది. రాతి సాక్ష్యం కోర్టులో చెల్లదు.” ఊళ్లోని పాకశిలలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి కాబట్టి ఆమె మళ్లీ రాతివైపు తిరిగింది. “ఒక చెయ్యి మరో చేతిని ఇలా అదిమిన ఇళ్లు ఇంకా ఉన్నాయా?”

“దీనితో కలిపి నాలుగు వందల పదకొండు.”

పదమూడేళ్లుగా ఏ రాయి ఎవరినీ కాల్చదని గర్వపడిందో, ఆ రాతినే ఇంతమంది కొరడాగా వాడుకుంటున్నారు. త్రిలోచన పళ్లు నూరింది. అక్కడే నిలబడి కొత్త సూత్రం రాసింది: ఒక చేతి మీద మరో చెయ్యి బలం చూపితే, కింది చేతిని చల్లగా ఉంచు, పై చేతిని కాల్చు.

లాజరు చదివి ఉలిక్కిపడ్డాడు. “ఇది శాస్త్రం కాదమ్మా. పగ.”

“అవును, పగే. వాడి చెయ్యి కూడా అలాగే ఉడకాలి. చర్మం ఊడి రావాలి. నేను చూడాలి.”

నాలుగు వందల పదకొండు రాళ్లకూ ఆ సూత్రం పంపింది. హాల్లోకి వచ్చి, “రేపు పొద్దున్నుంచి పనిచేస్తుందండీ,” అని విరించికి నవ్వుతూ చెప్పింది.

మర్నాడు ఏడు కాకముందే ఆసుపత్రి నుంచి ఫోన్. “కర్నూలు రోడ్డు ఇంటి నుంచే మళ్లీ ఒక కేసు. చెయ్యి కాలింది.”

త్రిలోచన గుండె ఆనందంతో ఎగిసిపడింది. “మణికట్టు దాకానా?”

“మోచేతి దాకా.”

“మంచిపని అయింది,” అంది. అవతల డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

కళ్లారా చూద్దామని ఆమె కారు తీసింది. మెట్లెక్కి వార్డు దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద విరించి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. ఆమె అతణ్ణి దాటుకుని లోపలికి పరుగెత్తింది.

లోపల మంచం మీద మేదిని. ఈసారి ఎడమచెయ్యి. పక్కన ఎనిమిదేళ్ల కూతురు నిలబడి ఉంది. గౌను మీద దోసెపిండి ఎండిపోయి ఉంది.

“అమ్మకి కుడిచెయ్యి పనిచెయ్యదు గదా,” అంది ఆ పిల్ల వెక్కుతూ. “అందుకని నాకు నేర్పిస్తంది. గరిటె నాకిచ్చి, నా చెయ్యి పైన తన చెయ్యేసి తిప్పతా ఉంది. నా చెయ్యికేం కాలా. అమ్మ చెయ్యే... మాంసం వాసనొచ్చింది. నన్ను అవతలికి నెట్టేదాకా అమ్మ తన చెయ్యి తియ్యలేదు.”

త్రిలోచన ఫోన్ మోగింది. లాజరు. “ఇంకో పదహారు ఇళ్లలో చేతులు కాలాయమ్మా. వాటిలో కొట్టే చేతులెన్నో, నేర్పే చేతులెన్నో నాకు తెలియటం లేదు. రాతికీ తెలియదు.”

“ఆపేయండి. అన్నీ ఆపేయండి,” అని ఆమె అరిచింది.

మేదిని కళ్లు తెరిచింది. మొదటిసారి త్రిలోచన ముఖంలోకి సూటిగా చూసింది.

“డాక్టరుగారూ, ఈసారి ఎవరూ నన్నేం చెయ్యలేదండీ. పిల్లకి నేర్పిస్తన్నా, అంతే. ఇది కూడా రాయి మా ఆయన్ని చూసే నేర్చుకుందా?”

త్రిలోచన మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“లేదమ్మా,” అంది. “ఇది నన్ను చూసి నేర్చుకుంది.”