బెంచీ కాళ్ళ రంగు

తూము దగ్గర గంగాధరం శవం బోర్లా తేలింది. తల వెనక గాయం.

బోగోలు మండలంలో, సముద్రానికి దగ్గరగా రెండు రొయ్యల చెరువులు. చనిపోయినవాడు వాటి యజమాని. రాత్రి కాపలా ఉన్నది హెబ్రోను ఒక్కడే. ఇంకేం విచారణ కావాలి? పోలీసులు వచ్చేలోపే ఊళ్ళోవాళ్ళు అతని కుడికాలు విరగ్గొట్టేశారు.

మర్నాడు పొద్దున కేసు ఇన్‌స్పెక్టర్ క్యాథరిన్ చేతికొచ్చింది. హెబ్రోను ఆసుపత్రిలో ఉన్నాడు. కాలికి కట్టు, చేతికి బేడీ. మధ్యాహ్నం మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పెడితే ఇక అతను బయటికొచ్చేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

"ఏం చూశావు?"

"తూము కాడ కుక్క అరుపు ఇనిపించింది మేడమ్. పోయేసరికి హరినాథన్న ఆ కుక్కని, బెంచీని ఎత్తుకోని గేటు దాటతా ఉండాడు. అయ్య నీళ్ళల్లో ఉండేది తెల్లారినాకే తెలిసింది."

"స్టేషన్లో చెప్పావా?"

"చెప్పినా. నవ్వినారు."

మంచం పక్కన అతని భార్య రోజారమణి బేడీ వైపే చూస్తోంది. క్యాథరిన్ రాసుకుని వెళ్ళిపోయింది. దారిలో చెరువుల దగ్గర ఆగి, గేటు పక్కన కాళ్ళు ముంచే తొట్టి చూసింది.

గంగాధరం ఇంటి వరండాలో హరినాథ్ కూర్చుని ఉన్నాడు. గంగాధరం బావమరిది, చెరువుల్లో భాగస్తుడు. చేతులు తువ్వాల్లో చుట్టుకుని ఉన్నాడు. స్తంభానికి కట్టేసి ఉంది బెంచీ. గంగాధరం ముచ్చటపడి చెన్నై నుంచి తెచ్చుకున్న బాసెట్ హౌండ్. పొడుగాటి ఒళ్ళు, జానెడు కాళ్ళు, నేలను ఊడ్చే చెవులు. ఆ ఆకారం చూసి ఊరి పిల్లలు పెట్టిన పేరే బెంచీ.

"మొన్న రాత్రి ఎక్కడున్నారు?"

"కావల్లో, ఫ్రెండింట్లో. ఫోనొస్తే వచ్చినా."

"చెరువుల దగ్గరికి వెళ్ళి ఎన్నాళ్ళైంది?"

"వారం. నిన్న గూడా గేటు బయటే నిలబడినా. బావని అట్టా చూళ్ళేక."

"కుక్క?"

"ఇంట్లోనే కట్టేసి ఉండె."

గంగాధరం భార్య రాఘవమ్మ తలూపింది. "నేను లేచేసరికి గొలుసుకే ఉండాది."

క్యాథరిన్ వంగి కుక్క పాదాలు చూసింది. నాలుగూ గోధుమరంగు. చెవుల అంచులు కూడా.

"దీని కాళ్ళు మొదట్నుంచీ ఇదే రంగా?"

"ఆ జాతే అంత మేడమ్," అన్నాడు హరినాథ్.

"అదేందిరా?" రాఘవమ్మ తలెత్తింది. "బెంచీ కాళ్ళు తెల్లగా గదా ఉండేది?"

హరినాథ్ తువ్వాలు ఇంకా బిగించి చుట్టుకున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ కాకముందు నేను డాగ్ స్క్వాడ్‌లో చేశాను," అంది క్యాథరిన్. "ఇది ఫ్రాన్స్ దేశపు వేటకుక్క. గుర్రాల్లేని వేటగాళ్ళు నడిచి వెంబడించాలని కాళ్ళు పొట్టిగా ఉండే జాతిని తరతరాలుగా పెంచుకుంటూ వచ్చారు. వాసన పట్టిందంటే ఎవరు పిలిచినా వినదు. లాగితే కూలబడుతుంది. మొన్న గొలుసు వదిలించుకుని యజమాని వాసన వెంట తూముదాకా పోయింది. అక్కడ గొంతెత్తింది. ఊరు లేస్తుందని భయపడి ఎవరో దాన్ని ఎత్తుకొచ్చి మళ్ళీ గొలుసుకి కట్టెయ్యాల్సి వచ్చింది."

"ఎవరో అంటే?" అన్నాడు హరినాథ్.

"మొదటి చెరువు రొయ్యలకి తెల్లమచ్చ రోగం. రోగం రెండోదానికి పాకకుండా గేటు దగ్గర పర్మాంగనేట్ మందు నీళ్ళ తొట్టి పెట్టారు. తగిలినచోట గోధుమరంగు మరక పడుతుంది, కడిగినా రోజులపాటు పోదు. బయటికొచ్చే ప్రతివాళ్ళూ కాళ్ళు ముంచాలి. కుక్క తనంతట తాను దాటితే చిందిన మరకలు ఉండేవి. ఇవి నాలుగూ ఒకే ఎత్తున ఉన్నాయి. పట్టుకుని, నిలబెట్టి ముంచారు. చెవులు నీళ్ళలో పడ్డాయి. మనిషిని చంపాక కూడా అలవాటు తప్పలేదు. రెండో చెరువు బాగుండాలిగా! తువ్వాలు తియ్యి."

హరినాథ్ కదల్లేదు. కానిస్టేబుల్ తువ్వాలు లాగేశాడు. గోళ్ళ చుట్టూ అదే గోధుమరంగు.

"చెరువులోళ్ళకి ఇది మామూలే..."

"వారంగా గేటు దాటలేదన్నావు."

అతని తల వాలిపోయింది. "రోగం నీళ్ళు కాలవకి వదిలేద్దామన్నా. కింద చెరువులకీ రోగం పాకి వాళ్ళు నష్టపోతారని బావ తూముకి అడ్డం నిలబడినాడు. తోసినా. తల తూముకి కొట్టుకునింది. నీళ్ళల్లో పడినాడు."

రాఘవమ్మ లేచి తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"మీ బావ నీళ్ళల్లో ఉంటే, నువ్వు కుక్క కాళ్ళు కడిగినావంట్రా?"

మధ్యాహ్నానికి ముందే క్యాథరిన్ ఆసుపత్రికి వెళ్ళి బేడీ తీసింది. హెబ్రోను మణికట్టు రుద్దుకున్నాడు. కాలు మళ్ళీ సరిగ్గా అతుకుతుందో లేదో డాక్టర్ చెప్పలేనన్నాడు.

అప్పుడు అడిగింది రోజారమణి.

"మావోడు మొదట్నుంచీ ఇదే చెప్పినాడు గదమ్మా. కాలు ఇరగ్గొడతా ఉంటే గూడా ఇదే చెప్పినాడు. కుక్క కాళ్ళు చూసినాక నమ్మబుద్ధయిందా మీకు?"

క్యాథరిన్ చేతిలో ఇంకా ఆ బేడీ ఉంది. పొద్దున ఇదే మాట విని కూడా ఆమె బేడీ తియ్యకుండానే వెళ్ళింది.