ఏడు వందల యాభై వాట్లు

"ఈ డబ్బా చాలదండీ," అన్నాడు వదిన తమ్ముడు.

పిచ్చుక స్క్రూడ్రైవరు పట్టుకుని మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. మంచం మీద పరుపు కనబడడం లేదు. మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, స్క్రూల పొట్లాలు పరుచుకుని ఉన్నాయి. నాలుగు నెలలుగా ఒక్కొక్కటే కొని పోగేసుకున్న సామాను అది. ఆమెకు అసలు పేరు వేరే ఉంది కానీ, చిన్నప్పుడు ఓ చోట కుదురుగా కూర్చునేది కాదని అన్నయ్య పెట్టిన పేరే ఇంట్లో ఖాయమైపోయింది.

"ఏది చాలదు?" అంది, తెలిసే.

"పవర్ సప్లై. గోడలోంచి కరెంటు తీసుకుని వీటన్నిటికీ పంచేది ఇదే కదా. ఇంత పెద్ద కార్డు కొని దీని దగ్గర పొదుపు చేస్తే ఎలా?"

"అయిదొందల వాట్లు. అన్నీ కలిపి నాలుగొందల ఇరవై అయ్యాయి. లెక్క నాకూ వచ్చు."

"అది మామూలుగా నడిచేటప్పుడు. పని మీద పడినప్పుడు కార్డు ఒక్కటే ఒక్క క్షణంపాటు రెట్టింపు లాగుతుంది." డబ్బా చేత్తో ఎత్తి చూశాడు. "దూదిపింజలా ఉంది. మా లిఫ్టు మీద ఎనిమిది మంది అని రాస్తే, దాని తాడు ఎనభై మందినైనా మోస్తుంది. దీనిమీద రాసినవాడు ఏం చూసుకుని రాశాడో మరి."

అతను లిఫ్టుల మెకానిక్. మామూలుగా నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. వైర్ల విషయం వస్తే మాత్రం ఆపడం ఎవరితరమూ కాదు. ఇరవై నిమిషాలు చెప్పాడు. ఏడు వందల యాభై వాట్లది కొనాలన్నాడు.

గుమ్మంలోంచి అన్నయ్య తొంగిచూశాడు. "ఏవోయ్ బావమరిదీ, ఏడొందల యాభై అంటే కరెంటు బిల్లు పేలిపోదూ?"

"లేదు బావా. కావలసినంతే లాగుతుంది. బిందె పెద్దదైతే దాహం పెరగదుగా."

అతను చెప్పింది సబబుగానే ఉందని పిచ్చుకకు తెలుస్తూనే ఉంది. ఒళ్ళు మండింది అందుకే. ఆరు నెలల కిందట వదిన ఫోనులో ఇతనితో మాట్లాడుతూ, "వద్దా? మా పిచ్చుకకేం తక్కువరా? సరే, నీ ఇష్టం," అనడం ఆమె చెవిన పడింది. నేను వద్దుట కానీ, నా కంప్యూటరుకి సలహాలు మాత్రం చెప్తాట్ట.

"నాకు ఇది చాలు," అంది.

అతను ఇంకేదో అనబోయి, డబ్బా జాగ్రత్తగా కింద పెట్టి వెళ్ళిపోయాడు. వాదించినా బాగుండేది.

పిచ్చుక గదుల బొమ్మలు గీస్తుంది. ఇంకా కట్టని వంటింట్లో అలమరలెలా ఉంటాయో, ఇంకా కొనని సోఫా మీద ఎండ ఎలా పడుతుందో కంప్యూటర్లో కళ్ళకు కట్టినట్టు చూపిస్తుంది. సొంతంగా పని చేసుకోవాలని కంపెనీలో ఉద్యోగం మానేసింది. ఒక ఆర్కిటెక్టు చిన్న ఆస్పత్రి తాలూకు ఆరు గదులు చేతిలో పెట్టి, "సోమవారం పదింటికి చూపించమ్మా. నచ్చితే ఏడాదంతా పని నీకే," అన్నాడు.

శుక్రవారానికల్లా కంప్యూటరు బిగించేసింది. పెట్టె అద్దంలోంచి నీలం లైట్లు వెలుగుతుంటే వదినను పిలిచి మరీ చూపించింది. శనివారం రెండు గదుల బొమ్మలు వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం మూడో గది సగంలో ఉండగా టప్పున ఆరిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆరిపోయింది. మూడోసారి కూడా సరిగ్గా బొమ్మలో కిటికీలోంచి ఎండ పడే చోటే ఆరిపోయింది.

బయట వాన మొదలైంది. పిచ్చుక కాసేపు ఏడ్చింది, మొహం కడుక్కుంది, ఫోను తీసింది, పెట్టేసింది. చివరికి మింగలేక కక్కలేక అతనికే చేసింది.

"ఆరిపోతోంది," అంది.

"వస్తున్నా," అన్నాడు. అంతే.

అరగంటలో తడిసి ముద్దై వచ్చాడు. రెయిన్‌కోటు ఒంటిమీద లేదు. చంకలో ఉన్న అట్టపెట్టెకు చుట్టి ఉంది. పైన ఏడొందల యాభై అని అచ్చేసి ఉంది.

"ఆదివారం ఏ షాపు తీశాడు?"

"ఆ రోజే కొన్నానండీ."

"అంటే నేను ఓడిపోతానని ముందే కొనిపెట్టుకున్నారా?"

"కాదండీ. ఫోన్ చేస్తారేమోనని."

ఆమె తువ్వాలు విసిరింది. అతను చేతులు మాత్రం తుడుచుకుని, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే పాత డబ్బా ఊడదీశాడు. బోర్డుకీ కార్డుకీ కొత్త వైర్లు వేశాడు. డిస్కుకి వెళ్ళే వైరు మాత్రం పాతదే ఉంచి, దాని రెండో కొస కొత్త డబ్బాకు గుచ్చాడు.

"అది పాతదాని వైరు," అంది పిచ్చుక, పెట్టెలోంచి వచ్చిన కాగితం చదువుతూ.

"పట్టింది కదండీ. ఇప్పుడది మార్చాలంటే ఈ పక్క మొత్తం విప్పాలి. మీకు టైము లేదు."

"పడితే సరిపోయినట్టేనా? ఒక కంపెనీ వైర్లు ఇంకో కంపెనీ డబ్బాకి వాడకూడదని ఇందులో రాసుంది."

"అన్నిట్లోనూ అలాగే రాస్తారు."

"మీ దగ్గర మీటరుంది కదా. కొలవండి."

"ఇరవై ఏళ్ళ నాటి పాత లిఫ్టులకి కూడా వైరింగు చేశానండీ నేను."

"ఇది లిఫ్టు కాదు. నా అయిదేళ్ళ పని ఆ డిస్కులో ఉంది. కొలవండి అంటే కొలవరేం?"

అతను నిట్టూర్చి, డిస్కు వైపు కొస ఊడదీసి, స్విచ్చి వేసి, మీటరు పెట్టాడు. అంకె చూశాడు. మీటరు తీగ మొన సరిగ్గా తగల్లేదనుకున్నాడేమో, మళ్ళీ పెట్టాడు.

"ఎంత?" అంది.

"అయిదు వోల్టులు రావాల్సిన చోట పన్నెండు వస్తోంది," అన్నాడు మెల్లిగా. స్విచ్చి ఆపేసి నేలమీద కూర్చుండిపోయాడు. "మాడిపోయేది. మీ పనంతా నా చేతుల్లో మాడిపోయేది."

ఇలాంటి క్షణం కోసం ఆమె వారం రోజులుగా ఎదురుచూసింది. తీరా వచ్చాక గెలిచినట్టు అనిపించలేదు.

"మరి అంత తొందరెందుకు పడ్డారు?"

"మీరు ఏడ్చినట్టున్నారు. తొందరగా బాగుచెయ్యాలనిపించింది."

ఇద్దరూ కలిసి పక్క మొత్తం విప్పారు. కొత్త వైరు వేశారు. మూడో గది మొదలైంది. కిటికీలోంచి ఎండ పడింది, ఆరిపోలేదు. బల్ల మీదికి వచ్చింది, ఆరిపోలేదు. నాలుగో గది కూడా మొదలైంది. ఇంక కంప్యూటరు గీస్తుంటే చూడడం తప్ప వాళ్ళకు చెయ్యడానికేం లేదు.

"నేను ముందే చెప్పానుగా అని ఒక్కసారైనా అనరేం?" అంది పిచ్చుక విసుగ్గా.

"అంటే ఏమొస్తుంది?"

"నాకు కోప్పడ్డానికి ఒక కారణం దొరుకుతుంది. ఉన్నదొక్కటే కారణం, అది బయటికి చెప్పుకునేది కాదు."

"ఏంటది?"

"నేను వద్దన్నారుగా మీ అక్కతో. ఫోన్లో విన్నాను."

అతను తెల్లబోయాడు. "మీరు వద్దని కాదండీ. అప్పుడే అడగొద్దన్నాను. మీరు ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉన్నారు, ఉండేది మా అక్క ఇంట్లో. అక్క అడిగితే ఇష్టం లేకపోయినా కాదనలేరు కదా. మీ పనేదో మీకు కుదిరాక నేనే అడుగుదామని..."

"ఎప్పుడు? నాకు డెబ్భై ఏళ్ళొచ్చాకా?"

"సోమవారం సాయంత్రం అనుకున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినట్టు తెలియనివ్వడం ఇష్టం లేక లేచి తిన్నగా హాల్లోకి వెళ్ళింది. అతను వెనకాలే పరిగెత్తాడు. వదిన బట్టలు మడత పెడుతోంది, అన్నయ్య బూట్లు తుడుచుకుంటున్నాడు.

"వదినా, మీ తమ్ముడు సోమవారం దాకా ఆగుతాట్ట. నా వల్ల కాదు. మేమిద్దరం పెళ్ళి చేసుకుంటాం."

అన్నయ్య చేతిలో బ్రష్షు ఆగిపోయింది. వదిన చేతులు మాత్రం ఆగలేదు. "అమ్మయ్య," అంది.

"ఎప్పట్నుంచి ఇది?" అన్నాడు అన్నయ్య.

"ఇవాళ్టినుంచి," అంది పిచ్చుక.

"రెండేళ్ళ నుంచి," అన్నాడతను, సరిగ్గా అదే క్షణంలో.

పిచ్చుక గిరుక్కున తిరిగింది. "రెండేళ్ళా?"

"సుమారుగా."

"రెండేళ్ళలో మా ఇంట్లో ఫ్యాన్లు బాగుచేశారు, గీజరు బాగుచేశారు, మిక్సీ నాలుగుసార్లు బాగుచేశారు. ఒక్క మాట అనడానికి నోరు రాలేదా మీకు?"

"మిక్సీ ఎప్పుడూ పాడవలేదండీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "అక్క రమ్మనేది."

"అంటే మీరిద్దరూ కలిసి..."

వదిన మడతపెట్టిన బట్టలు పక్కకు జరిపి, తమ్ముడికి కుర్చీ లాగింది.

"కూర్చోరా. ఇది ఇప్పట్లో తేలదు."