మూడొందల వాట్లు ఎక్కువ

వారం రోజుల్లో రెండో సాక్షి కూడా స్నానాల గదిలోనే చనిపోయాడు. తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. డాక్టర్ గుండెపోటని రాశాడు.

"ఇద్దరి ఇళ్లలోనూ గీజర్ మర్నాటికల్లా మాయం," అన్నాడు చీఫ్. "ఇక మిగిలింది వైర్‌లెస్ బాబాయ్ ఒక్కడే. విదేశీ ముఠా నాయకుడెవరో రేపు జడ్జి ముందు చెప్పాల్సిన మనిషి. నువ్వెళ్లు వదినా."

డిపార్ట్‌మెంటులో ఆమె కోడ్‌నేమ్ అది. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన చీఫ్ కూడా అలాగే పిలుస్తాడు.

ముప్పావు గంటలో ఖాకీ చొక్కా వేసుకుని, భుజాన టూల్‌బ్యాగ్‌తో సేఫ్‌హౌస్ తలుపు తట్టింది.

"ఫ్యాన్ చప్పుడు చేస్తోందన్నారు."

"చప్పుడు కాదు, నిట్టూరుస్తోంది."

కోడ్ సరిపోయింది. తలుపు తీసింది సేఫ్‌హౌస్ ఇన్‌చార్జి. నలగని తెల్ల సూటు, మనిషికన్నా ముందే గుమ్మం దాటి వచ్చే సెంటు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివానని చెప్పి ఈ పోస్టు సంపాదించింది.

"బాబాయ్ ఏడండీ?"

"ఇప్పుడే స్నానానికి వెళ్లారు."

గడియ వేసిన తలుపు వెనకనుంచి బాబాయ్ గొంతు వినిపించింది. "నీళ్లు కాగనీ అమ్మా. నాకేం తొందర లేదు."

వదిన వరండాలోని స్విచ్‌బోర్డు మూత విప్పింది. వోల్టేజి రెండు వందల ముప్ఫై. గీజర్ తీగకు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించింది. పది ఆంపియర్లు.

"గీజర్ ఎన్ని వాట్లదండీ?"

"రెండు వేలు."

రెండు వేల వాట్లకు తొమ్మిది ఆంపియర్లు కూడా లాగకూడదు. రెండు వందల ముప్ఫైని పదితో హెచ్చవేస్తే రెండు వేల మూడు వందలు. పదితో భాగిస్తే ఇరవై మూడు ఓమ్‌లు. ఇరవై ఆరున్నర దాకా ఉండాల్సిన రెసిస్టెన్స్ అది. అంటే లోపల ఇంకో కాయిల్ ఉంది.

"మూడొందల వాట్లు ఎక్కువ లాగుతోంది మేడమ్. లోపల ఇంకెవరైనా వంట చేసుకుంటున్నారా?"

మేడమ్ నవ్వింది. "పాతది కదా. పాతబడ్డాక కరెంటు ఎక్కువ తాగుతుంది."

ఇంట్లో పనిచేసుకునే ఏ ఇల్లాలైనా ఆ మాటే అంటుంది. ఇంజనీరు అనకూడదు.

వదిన మొదట గీజర్ స్విచ్ ఆపింది. తర్వాతే తల తిప్పింది.

"పాతబడితే కాయిల్ సన్నబడుతుంది మేడమ్. రెసిస్టెన్స్ పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. ఏ కాలేజీలో చదివారు?"

తెల్ల సూటు జేబులోంచి పిస్టల్ సగమే బయటికొచ్చింది. వదిన చేతిలోని టెస్టర్ టిక్కుమంది. మొనలోంచి ఎగిరిన మత్తుసూది మేడమ్ మెడలో దిగింది. ఆమె గోడకు జారబడి, ఆశ్చర్యం ముఖంలో అలాగే ఉండగానే, నేలమీద కూలబడింది.

"బాబాయ్, నీళ్లు ముట్టుకోకుండా బయటికి రా. ఊపిరి బిగపట్టుకుని రా."

గడియ తీసిన చప్పుడు. భుజాన తువ్వాలుతో బాబాయ్ వచ్చాడు. కాళ్లు వణుకుతున్నాయి.

ముఖానికి మాస్క్ తగిలించుకుని వదిన లోపలికెళ్లి గీజర్ విప్పింది. అడుగున అదనపు కాయిల్, దాన్ని ఆనుకుని వేలెడంత విషవాయువు గొట్టం. మూతికి వేసిన మైనం కరిగి ఉల్లిపొరంత మిగిలింది. ఇంకో అరనిమిషం చాలేది.

బాబాయ్ గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"అయితే ఇవాళ స్నానం?"

"చన్నీళ్లే బాబాయ్. వణుకు ఎలాగూ మొదలైపోయింది కదా."