తువ్వాలులో జింకపిల్ల

పొద్దున్నే బేకరీ నుంచి తండ్రి ఇంటికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆయన కనుబొమల మీద పిండి ఉంది. చెప్పులు విడుస్తూ లోపలికి తొంగిచూశాడు. భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కోటు చేతులు విప్పుతోంది. కూతురు వంటగది కిటికీ దగ్గర కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"పిట్ట ఇంకా తేరుకోలేదా?" అని గుసగుసగా అడిగాడు.

భార్య తల అడ్డంగా ఊపింది. ఆవిడ నోట్లో గుండుసూదులున్నాయి. సూదులున్నంతసేపూ ఆవిడని ఏమీ అడగకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కూతురు వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి సూదుల పని మరీ ఎక్కువైంది.

పిట్ట అనేది తండ్రి పెట్టిన పేరు. చిన్నప్పుడు ఆయాసం వస్తే ఆ పిల్ల గుండె పిట్ట గుండెలా టకటకా కొట్టుకునేది. ఆయాసం ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడా పిట్ట దూరాన ఒక అడవి పార్కులో రేంజరు పనికి ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఏడాదిపాటు అక్కడే ఉండి కాలిబాటలు బాగుచేయడం, కూలిన చెట్లు తొలగించడం, దారితప్పిన వాళ్లని వెతకడం అన్నీ నేర్చుకోవాలి. అడవిలో తిరిగే పనిలో నిలదొక్కుకున్న వాళ్లనే చివర్లో ఉద్యోగంలోకి తీసుకుంటారు. అంతా బాగా సాగుతుండగా ఉన్నట్టుండి ఆమెని టికెట్ల కౌంటర్లో కూర్చోబెట్టారు. ఎందుకో చెప్పలేదు. సెలవు పెట్టి ఇంటికొచ్చింది. రేపటికల్లా తిరిగి వెళ్లాలి, లేదంటే రానని చెప్పేయాలి.

"బట్టల షాపులో బిల్లింగు పనుందట. అమ్మ మాట్లాడి పెట్టింది. నీడపట్టున ఉద్యోగం" అన్నాడు తండ్రి, కుర్చీ లాక్కుంటూ.

"నీడకేం తక్కువ నాన్నా? అక్కడ ఉన్నదంతా నీడే" అంది పిట్ట.

ఆయన నవ్వబోయి, కూతురు నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. "సరే, నీకు వెళ్లాలనుందా, లేదా?"

"ఉంది. లేదు. ఏమో నాన్నా, నాకే తెలియట్లేదు. ఏం తప్పు చేశానో చెబితే దిద్దుకుంటాను కదా! అడిగితే కొన్నాళ్లు ఇక్కడుండమ్మా అంటుంది రేంజరు మేడమ్. ఆవిడకి నామీద కోపం కూడా లేదు. జాలిగా చూస్తుంది. తిట్టినా బాగుండేది."

మిషను చక్రం ఒకసారి తిరిగి ఆగింది.

"వచ్చేముందు ఒకటి జరిగింది" అంది పిట్ట, గ్లాసులోకి చూస్తూ. "ఒకావిడ కారు దిగి కౌంటరు దగ్గరికొచ్చింది. టికెట్టుకేమో అనుకున్నా. చేతుల్లో తువ్వాలు మూట. విప్పితే జింకపిల్ల. పొదలో ఒక్కతే పడుందమ్మా, తల్లి వదిలేసి పోయింది పాపం, అని ఒకటే ఏడుపు."

తల్లి నోట్లోంచి సూదులు తీసి డబ్బాలో వేసింది. "వదిలేసి పోలేదా మరి?"

"లేదమ్మా. అంత చిన్నపిల్లకి వాసన ఉండదు, తల్లికి ఉంటుంది. అది పక్కనే ఉంటే ఆ వాసన పట్టుకుని ఏ నక్కో వస్తుంది. అందుకే దూరంగా మేస్తూ ఉంటుంది, పాలివ్వడానికి మాత్రం వస్తుంది. ఈవిడ పిల్లని ఎత్తుకుంటున్నప్పుడు కూడా ఎక్కడో చెట్ల చాటునుంచి చూస్తూనే ఉండుంటుంది. ఈవిడ ప్రేమకొద్దీ తెచ్చింది. ఏమంటాం?"

"మరి ఏం చేశారు?"

"అదే పొదలో మళ్లీ పడుకోబెట్టి నేనూ మేడమూ దూరంగా వెళ్లి కూర్చున్నాం. ఎంతసేపైనా తల్లి రాలేదు. మనం ఇక్కడున్నంతసేపూ అది రాదు, పద అంది మేడమ్. వచ్చేశాం. మర్నాడు చూస్తే పొద ఖాళీ. తల్లే తీసుకెళ్లిందో, ఇంకేమైనా జరిగిందో..." పిట్ట గ్లాసులో మీగడ వేలితో పక్కకి తీసింది. "ఈ పనిలో అన్నిటికీ జవాబు దొరకదు, అసలే నీకు ఆయాసం, ఎక్కువ ఆలోచించకు, అంది మేడమ్."

తండ్రి తలెత్తాడు.

"నా ఆయాసం సంగతి ఆవిడకెలా తెలుసమ్మా? నేనెవరికీ చెప్పలేదు. వచ్చిన దగ్గర్నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

తల్లి లేవబోయింది. మోచెయ్యి తగిలి సూదుల డబ్బా బోర్లాపడి నేలంతా సూదులయ్యాయి.

"నేనే చెప్పాను" అంది. "ఫోన్ చేసి, పిల్లకి ఆయాసం, అడవిలో తిప్పకండి, నేను చెప్పినట్టు దానికి తెలియనివ్వకండి అన్నాను. తాడు కట్టుకుని కొండ అంచున వేలాడుతూ ఫొటో పంపావే, ఆ రోజు. ఫొటోలో నవ్వుతున్నావన్నారు మీ నాన్న. నాకు నవ్వు కనపడలేదు. తాడే కనపడింది."

"అబద్ధం చెప్పావా?"

"అబద్ధమెలా అవుతుందే! ఊపిరందక నువ్వు నీలమైపోతుంటే భుజానేసుకుని తిరిగిందెవరు? నీకు తగ్గింది. నాకింకా తగ్గలేదు."

"నేను పనికిరానేమో అనుకున్నానమ్మా!" పిట్ట గ్లాసు కిటికీ గట్టున పెట్టేసింది. "మ్యాపు చదవడం రాదేమో, నడిస్తే చప్పుడెక్కువేమో, అందరిముందూ ఏదో వాగేశానేమో! ఆ కౌంటర్లో కూర్చుని నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో నీకేం తెలుసు?"

లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

"ఒక్క మాట నాతోనైనా అనకపోయావా?" అన్నాడు తండ్రి.

"మీతో అంటే రొట్టెలతోపాటు వీధంతా పంచేస్తారు" అంది భార్య. ఆ మాటలో ఎప్పుడూ ఉండే పదును లేదు. కాసేపు నేలమీది సూదుల్ని చూస్తూ కూర్చుంది. ఏ సూది ఎటు చూస్తోందో తెలియనట్టే, తను చేసింది మంచో చెడో ఆవిడకి తెలియలేదు. కోరుకున్నట్టే పిల్ల ఇంటికొచ్చింది. వచ్చిన పిల్ల కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"ఆ తువ్వాలావిడ... మంచిదేగా?" అంది.

"మంచిదే. అందుకేగా పిట్ట ఏమీ అనలేకపోయింది."

ఆవిడ లేచి ఫోన్ తీసుకుంది. కూతురి గది తలుపు ముందు నిలబడి, లోపలికి వినపడేంత గట్టిగా మాట్లాడింది.

"మేడమ్, నేను కౌంటర్లో ఉన్న అమ్మాయి తల్లిని. ఆ ఆయాసం నాదండీ, పిల్లది కాదు. దానికి చిన్నప్పుడే పోయింది. కావాలంటే డాక్టరుకి చూపించండి. తప్పు నాది. దాన్ని మాత్రం పనికిరాదనుకోకండి."

అవతల రేంజరు మేడమ్ గొంతు నెమ్మదిగా వినపడింది. "ఇప్పుడే మాట ఇవ్వలేనమ్మా. ఇన్నాళ్లూ కౌంటర్లో ఉండటంతో కొన్ని పనుల్లో మిగతావాళ్లకన్నా వెనకబడింది. రమ్మనండి. డాక్టరు సరేనంటే మళ్లీ అడవిలోకి పంపి చూస్తాం."

తలుపు తెరుచుకుంది. పిట్ట నేలమీద కూర్చుని సూదులు ఏరడం మొదలుపెట్టింది. తల్లి ఎదురుగా చతికిలపడింది. ఇద్దరి కళ్లూ మసకబారి సూదులు సరిగా కనపడట్లేదు.

"నాకింకా కోపం పోలేదు" అంది పిట్ట.

"పోనక్కర్లేదులే."

"అక్కడికెళ్లాక భయమేస్తే?"

"ఎవరికి?"

పిట్ట ఆలోచించింది. "ఇద్దరికీ."

తల్లి కూతురి అరచేతిలో ఉన్న సూదులు తన అరచేతిలోకి వంపుకుంది.

మర్నాడు బస్సుస్టాపు దాకా సంచి మోసుకుని కూతురి వెంట తండ్రి ఒక్కడే బయల్దేరాడు. ప్రతిసారీ బస్సు కదిలేదాకా కిటికీ ఊచ వదలని తల్లి, "కోటు ఇవ్వాలి, నాకు తీరదు, మీరెళ్లండి" అంది. పిట్ట ఒకసారి ఆవిడ ముఖంలోకి చూసి మెట్లు దిగింది.

కోటు నిన్ననే అయిపోయింది. ఆవిడ డాబా ఎక్కి, ఆరేసిన తడి దుప్పటి చాటున నిలబడింది. కింద వీధి చివర స్టాపులో కూతురు చిన్నగా కనపడింది. బస్సెక్కబోతూ ఆగి ఇంటి కిటికీ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. తర్వాత తలెత్తి డాబా వైపు, బట్టల వైపు చూసింది. చెయ్యి ఎత్తిందో, ఎండకి కళ్లకడ్డం పెట్టుకుందో తెలియలేదు.

తల్లి కదల్లేదు. బస్సు మలుపు తిరిగి, చప్పుడు కూడా వినపడకుండా పోయాకే దుప్పటి అంచుతో ముఖం తుడుచుకుంది.