పల్లవిలో నాన్న పేరు

అడిగితే నాయనమ్మ వద్దనేది, అందుకే అడగలేదు. అంటే అది తప్పని అప్పుడే తెలుసన్నమాట. నెర్లిస్ ఆలోచన అక్కడికి వచ్చి ఆగిపోయింది. పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది.

ఆమె మొదటి పాట విడుదలైనప్పటి నుంచి కార్తహేనా ఊళ్లో బస్సుల్లో, మంగలి షాపుల్లో, డాన్సులు జరిగే చోట నిలువెత్తు స్పీకర్లలో అదే పాట. డోలు దెబ్బల మధ్య నాయనమ్మ దియోనిసియా గొంతు "ఎరాస్మో, ఎరాస్మో" అని పిలుస్తుంది. జనం గెంతుతూ ఆ పేరు తిరిగి అరుస్తారు. నెర్లిస్ తండ్రే ఎరాస్మో. ఆయన పోయాక తొమ్మిది రాత్రులు నాయనమ్మ పాడుతూ ఏడ్చిన ఏడుపది. ఆఖరి రాత్రి నెర్లిస్ దాన్ని ఎవరికీ చెప్పకుండా ఫోన్లో రికార్డు చేసింది; పాటకి పల్లవి అదే.

వీధిలో అరేపాలనే మొక్కజొన్న రొట్టెలు వేయించే అరాసెలిస్ కేకేసింది. "ఏమే నెర్లిస్! నీ పాటకి నా మూకుట్లో అరేపాలు కూడా గెంతుతున్నాయే! ఇక మమ్మల్ని గుర్తుపడతావా?"

"పడతాలే పిన్నీ." తల ఎత్తలేకపోయింది.

ముందుగదిలో నాయనమ్మ ఎరాస్మో ఫొటో కింద తెల్లగుడ్డ పరిచి, గ్లాసుతో నీళ్లు పెడుతోంది. పోయినవాడి దాహానికని తొమ్మిది రాత్రులు పెట్టి, ఆఖరి రాత్రి తీసేసిన గ్లాసే.

"మళ్లీ ఎందుకు నాయనమ్మా?"

"ఊరు ఊరంతా పిలుస్తోందిగా వాణ్ణి. వస్తాడు. ఎండనపడి వచ్చేవాడికి మంచినీళ్లన్నా ఉండొద్దూ?"

"నీ గొంతు ఎంత బాగుందో అందరూ..."

"గొంతా?" ముసలామె నవ్వింది. "వాణ్ణి సాగనంపడానికి ఏడ్చానే పిల్లా. నువ్వు వెనక్కి లాక్కొచ్చి గెంతిస్తున్నావు. ఆఖరి రాత్రి, వాడిక వెళ్లిపోయేలా ఈ నీళ్లు గడప అవతల పారబోయాల్సింది కూతురివి నువ్వు. చెయ్యి ఖాళీ లేదన్నావు. మీ మేనత్త పోసింది. ఆ చేతిలో ఏముందో నాకిప్పుడు తెలిసింది."

ఆ రాత్రి నెర్లిస్ కూడా ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కానీ ఏడుస్తూనే, తన ఏడుపు నాయనమ్మ గొంతుకి అడ్డుపడకుండా ఫోన్ని కాస్త ముందుకు జరిపింది. ఇన్నాళ్లూ మరిచిపోయాననుకున్న ఆ చిన్న కదలిక ఇప్పుడు వేళ్లలో మళ్లీ తెలిసింది.

అక్కడే నిలబడి, పాట తయారుచేసిన ఎయ్డర్‌కి ఫోన్ చేసింది. "పాట తీసేయ్."

"పిచ్చా నీకు? ఊరంతా ఎగురుతుంటే!"

"అది మా ఇంటి ఏడుపు. తీసేయ్."

"సరే, తీస్తా. జనం నోట్లోంచి ఎలా తీస్తావే తల్లీ?"

నెర్లిస్ ఫోన్ పెట్టేసింది. బయట అరాసెలిస్ స్పీకర్లో పల్లవి మొదలైంది. ఎవరో నవ్వుతూ నాన్న పేరు అరిచారు.

ఫొటో ముందున్న గ్లాసుని నెర్లిస్ రెండు చేతులతో ఎత్తింది.

"గడప అవతలికి," అంది నాయనమ్మ మెల్లగా. "తొణక్కుండా. నేను వెనకే ఉన్నాను, పద."

"వెళ్లిరా నాన్నా," అని నెర్లిస్ నీళ్లు పారబోసింది.